నల్లగా వచ్చిన మాగ్నటైట్ తెల్లారేసరికి తుప్పు రంగులోకి మారిపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సిక్కోలు_కెమిస్ట్రీ:

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. ప్రాజెక్టు కోసం మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే నల్లటి ఇనుప ఆక్సైడ్) నానో కణాలు తయారు చేయాలి, తర్వాత వాటితో నీళ్లలోంచి మిథిలీన్ బ్లూ రంగు ఎంత తీసేయగలమో చూడాలి. రెండో భాగానికి వెళ్దామంటే మొదటిదే కుదరడం లేదు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఇదే తంతు.

చేసింది చెప్తాను. ఫెర్రిక్ క్లోరైడ్ 5.4 గ్రాములు, ఫెర్రస్ సల్ఫేట్ 2.78 గ్రాములు, రెండూ 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, మాగ్నెటిక్ స్టిర్రర్ మీద 80 డిగ్రీలకు వేడి చేసి, 25 శాతం అమ్మోనియా 10 మి.లీ. చుక్క చుక్కగా అరగంట పాటు వేశాను. మొదట గోధుమ రంగు ముద్దలాగా వచ్చింది, తర్వాత ముదిరి దాదాపు నలుపైంది. బీకరు కింద అయస్కాంతం పెడితే వస్తుంది గానీ బద్ధకంగా వస్తుంది, వీడియోల్లో చూపించినట్టు చటుక్కున రాదు. ఫిల్టర్ పేపర్ మీద నాలుగుసార్లు కడిగి, రాత్రంతా 110 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. పొద్దున చూస్తే తుప్పు రంగు పొడి.

ఇంకో విచిత్రం, లెక్క ప్రకారం 2.3 గ్రాములు రావాలి, నాకు 3.3 గ్రాములు వచ్చింది. తడి ఉందేమో అని మళ్లీ ఆరబెట్టినా బరువు తగ్గలేదు. మా ల్యాబ్‌లో నైట్రోజన్ సిలిండర్ లేదు. సబ్మిషన్‌కి ఆరు వారాలే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ల్యాబ్_రాత్రులు:

అమ్మా, ముందు కంగారు పడకు. ఇంత వివరంగా రాశావు కాబట్టి సగం పని అయిపోయింది, చాలామంది "రావడం లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. నీ పోస్టులో అన్నిటికంటే విలువైన అంకె ఆ 3.3 గ్రాములు. నువ్వు దాన్ని విచిత్రం అన్నావు, నాకు మాత్రం జవాబు అందులోనే ఉందనిపిస్తోంది. మూడు సంగతులు చెప్పు. మీ ఫెర్రిక్ క్లోరైడ్ చూడ్డానికి ఎలా ఉంది, పసుపు నారింజ రంగు గడ్డల్లా ఉందా, లేక నల్లటి పొడిలా ఉందా? నీళ్లలో వేసినప్పుడు బీకరు వేడెక్కిందా? అమ్మోనియా వేశాక పీహెచ్ చూశావా?

సిక్కోలు_కెమిస్ట్రీ:

నల్లగా, కొంచెం ఆకుపచ్చ మెరుపుతో ఉన్న పొడి అక్కా. నీళ్లలో వేయగానే సుయ్యిమని పొగ వచ్చింది, బీకరు బాగా వేడెక్కింది. ఇప్పుడే వెళ్లి సీసా చూశాను, అన్‌హైడ్రస్ అని ఉంది. పీహెచ్ చూడలేదు. సీనియర్లు ఇచ్చిన కాగితంలో "ఫెర్రిక్ క్లోరైడ్ 5.4 గ్రా" అని మాత్రమే ఉంది, ఏ రకమో లేదు.

ల్యాబ్_రాత్రులు:

అదే! ఆ కాగితంలో 5.4 గ్రాములు అన్నది ఆరు నీటి అణువులున్న ఫెర్రిక్ క్లోరైడ్ లెక్క. దాని మోలార్ బరువు 270.3, అంటే 5.4 గ్రాములకు 0.02 మోల్. నీ దగ్గరున్నది నీళ్లు లేనిది, దాని మోలార్ బరువు 162.2 మాత్రమే. అదే 5.4 గ్రాములు తూచితే 0.033 మోల్ పడింది. ఫెర్రస్ మాత్రం 0.01 మోలే. ఫెర్రస్ అంటే రెండు ధనావేశాలున్న ఇనుము, ఫెర్రిక్ అంటే మూడున్నది. మాగ్నటైట్‌కి ఫెర్రస్ ఒకటికి ఫెర్రిక్ రెండు కావాలి, నువ్వు మూడుకి పైగా వేశావు. మిగిలిపోయిన 0.013 మోల్ ఫెర్రిక్ ఎక్కడికి పోతుంది? అమ్మోనియా తగలగానే గోధుమ రంగు హైడ్రాక్సైడ్, ఆక్సీహైడ్రాక్సైడ్‌గా దిగిపోతుంది. అయస్కాంతం దాన్ని పట్టించుకోదు. లెక్క వేసి చూడు, 2.3 గ్రాముల మాగ్నటైట్, దాని మీద దాదాపు 1.2 గ్రాముల ఆక్సీహైడ్రాక్సైడ్, మొత్తం మూడున్నర. ఫిల్టర్ పేపర్‌కి అంటుకుని కొంత పోయి 3.3 వచ్చింది. అందుకే ఎంత ఆరబెట్టినా తగ్గలేదు, అది తడి కాదు. కాబట్టి నీ సీసాతో చేస్తే 3.24 గ్రాములు చాలు. పైగా ఈ రకం ఫెర్రిక్ క్లోరైడ్ నీళ్లు తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వదులుతుంది, ఆ పొగ పీల్చకు, ఫ్యూమ్ హుడ్‌లో కొంచెం కొంచెంగా వేసి కరిగించు.

అయితే తప్పు అదొక్కటే కాదు, ఒక్క తూకం సరిచేసి మళ్లీ అదే పద్ధతిలో చేస్తే మళ్లీ గోధుమ రంగే రావచ్చు. మిగతావి కూడా చెప్తాను, నేను పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఒక్కోదాని మీద ఒక్కో నెల పోగొట్టుకున్నాను.

ఫెర్రస్ సల్ఫేట్ సీసా ఎప్పటిది? స్ఫటికాలు లేత ఆకుపచ్చగా ఉండాలి. పైన పసుపు, గోధుమ పొర ఉంటే ఫెర్రస్ అప్పటికే ఫెర్రిక్‌గా మారింది అన్నమాట, తూకం సరిగ్గా ఉన్నా నిష్పత్తి తప్పుతుంది. రెండు స్ఫటికాలు పలచటి ఆమ్లంలో కరిగించి ఒక చుక్క అమ్మోనియం థయోసయనేట్ వేసి చూడు, నెత్తురులా ఎర్రబడితే ఆ సీసా పక్కన పెట్టేయ్. మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) ప్రతి డిగ్రీ ల్యాబ్‌లోనూ ఉంటుంది కదా, గాలికి అది చాలా నయం. 3.92 గ్రాములు తీసుకుంటే 0.01 మోల్. దాంతోపాటు వచ్చే అమ్మోనియం వల్ల ఇబ్బంది లేదు, ఎలాగూ మనం వేసేది అమ్మోనియానే.

ఇక చుక్క చుక్కగా వేయడం. చూడ్డానికి జాగ్రత్తగా చేసినట్టు ఉంటుంది గానీ ఇక్కడ అదే దెబ్బ తీస్తుంది. ఫెర్రిక్ అయాన్లు పీహెచ్ రెండు, మూడు దగ్గరే దిగడం మొదలవుతాయి, ఫెర్రస్ దిగాలంటే ఏడు దాటాలి. నువ్వు అరగంట తీరిగ్గా పీహెచ్ పెంచుతుంటే ఫెర్రిక్ ముందే ఒంటరిగా గోధుమ ముద్దైపోతుంది, ఫెర్రస్ వెనకబడి గాలిలో ఆక్సిజన్‌కి దొరికిపోతుంది. రెండూ ఒకేసారి దిగాలి. అందుకని తిరగేసి చెయ్, ఇనుప ద్రావణాన్ని తీసుకెళ్లి అమ్మోనియాలో పొయ్యి. 1981లో మసార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ప్రచురించిన పద్ధతి ఇదే, ఇప్పటికీ అందరూ దాన్నే కొద్దికొద్దిగా మార్చి వాడుతున్నారు. ఆయన 1 మోలార్ ఫెర్రిక్ క్లోరైడ్ 40 మి.లీ., 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించిన 2 మోలార్ ఫెర్రస్ క్లోరైడ్ 10 మి.లీ. కలిపి, 0.7 మోలార్ అమ్మోనియా 500 మి.లీ.లో పోశారు. నీకు అందులో సగం చాలు, 20, 5, 250. ఫెర్రస్‌ని ఆమ్లంలో ఎందుకు కరిగించారో గమనించు, ఆమ్లంలో ఫెర్రస్ గాలికి అంత త్వరగా పాడవదు. మోర్ లవణం అంత చిక్కగా కరగదు కాబట్టి దాన్ని 20 మి.లీ. పలచటి ఆమ్లంలో కరిగించుకో, నష్టం లేదు.

80 డిగ్రీల వేడిలో అమ్మోనియా వేస్తే సగం గాలిలోకే పోతుంది. నీ తూకాలకు కనీసం 0.12 మోల్ క్షారం కావాలి, నువ్వు వేసిన 10 మి.లీ.లో 0.13 ఉంది, అందులో ఎగిరిపోయింది పోగా ఏం మిగిలిందో చూసుకో. గది ఉష్ణోగ్రత దగ్గరే కలుపు, పీహెచ్ పేపర్ మీద 10 కనిపించాలి, ఆ తర్వాత కావాలంటే మూత పెట్టి అరగంట వేడి చెయ్.

నైట్రోజన్ లేకపోతే ప్రపంచం ఆగిపోదు. వాడే నీళ్లన్నీ ఇరవై నిమిషాలు తెర్లకాచి, మూత పెట్టి చల్లార్చి వాడు, కరిగి ఉన్న ఆక్సిజన్ చాలావరకు పోతుంది. మాగ్నెటిక్ స్టిర్రర్ మాత్రం వద్దు! వచ్చిన మాగ్నటైటంతా వెళ్లి బీకరులో తిరిగే ఆ అయస్కాంతపు ముక్కకి గొంగళిపురుగులా అతుక్కుంటుంది. మోటారు స్టిర్రర్ ఉంటే సరే, లేకపోతే గాజు కడ్డీతో గట్టిగా తిప్పు.

ఫిల్టర్ పేపర్ కూడా వద్దు. బీకరు అడుగున మంచి నియోడిమియం అయస్కాంతం పెట్టు, నల్లటిది కిందికి దిగుతుంది, పై నీళ్లు వంచేయ్, మళ్లీ కాచి చల్లార్చిన నీళ్లు పొయ్యి. పీహెచ్ ఏడుకి వచ్చేదాకా ఇలాగే. చివర్లో నీళ్లు కొంచెం టీ రంగుగా ఉండి ఎంతకీ దిగకపోతే భయపడకు, లవణాలు పోయేకొద్దీ సన్నటి కణాలు నీళ్లలో తేలిపోతాయి. ఆఖరున ఆల్కహాల్‌తో ఒకసారి కడిగి, 110 ఓవెన్‌లో కాకుండా వాక్యూమ్ డెసికేటర్‌లో ఆరబెట్టు. సన్నటి మాగ్నటైట్‌ని గాలి తగిలే ఓవెన్‌లో రాత్రంతా పెడితే అందులోని ఫెర్రస్ కూడా ఫెర్రిక్‌గా మారి మాగ్హెమైట్ అనే ఆక్సైడ్ అవుతుంది, అది గోధుమ రంగు. నీకు పొద్దున కనిపించిన రంగులో మిగిలిపోయిన ఫెర్రిక్ పాలూ ఉంది, ఓవెన్ పాలూ ఉంది.

త్వరగా_తేల్చేద్దాం:

నా అభిప్రాయం కొంచెం వేరు. అయస్కాంతానికి వస్తోంది కదా, నీ పని రంగు తీసేయడం, మాగ్హెమైట్ అయినా మిథిలీన్ బ్లూని పట్టుకుంటుంది, తర్వాత అయస్కాంతంతో బయటికి లాగేయొచ్చు. ఆరు వారాలే ఉన్నాయి కాబట్టి నిష్పత్తి సరిచేసి ఒక్కసారి చేసి, వచ్చినదాన్ని మాగ్నటైట్ అని రాసేసి ముందుకు వెళ్లు. చాలా పేపర్లలో జరిగేది అదే.

రిటైర్డ్_లెక్చరర్_ఒంగోలు:

బాబూ, మొదటి సగం నిజమే, పనికి మాగ్హెమైట్ కూడా పనికొస్తుంది. రెండో సగం దగ్గరే నాకు బాధ కలిగింది. ముప్పై ఏళ్లు ప్రాక్టికల్స్ చెప్పినవాణ్ణి, రికార్డులో రాసిన పేరుకీ సీసాలో ఉన్న పదార్థానికీ పొంతన లేకపోతే తర్వాత ఆ రికార్డు చూసి చేసే పిల్ల నష్టపోతుంది. ఈ అమ్మాయి విషయంలో జరిగింది కూడా అదే కదా, ఎవరో "ఫెర్రిక్ క్లోరైడ్" అని సగం పేరు రాసి వదిలేశారు, మూడు బ్యాచ్‌లు పోయాయి. అయస్కాంతం రెండింటినీ లాగుతుంది, అయస్కాంత బలం కొలిస్తే మాగ్నటైట్‌కి గ్రాముకు సుమారు 92 ఈఎంయూ (అయస్కాంతత్వాన్ని కొలిచే ప్రమాణం), మాగ్హెమైట్‌కి సుమారు 75, చేత్తో పట్టుకున్న అయస్కాంతానికి ఆ తేడా ఏం తెలుస్తుంది? మాగ్నటైట్ అని రాయాలంటే చూపించాలి, లేదంటే "అయస్కాంత ఐరన్ ఆక్సైడ్" అని నిజాయితీగా రాసుకోవచ్చు.

అమ్మా, చూపించడానికి పెద్ద పరికరాలే అక్కర్లేదు, నీ చేతిలో బ్యూరెట్ ఉంది. మాగ్నటైట్‌లో మూడు ఇనుము పరమాణువులకు ఒకటి ఫెర్రస్, బరువులో 24.1 శాతం. మాగ్హెమైట్‌లో ఫెర్రస్ సున్న. ఇంతకంటే స్పష్టమైన తేడా ఏం కావాలి? పొడి 0.2 గ్రాములు కచ్చితంగా తూచి, శంకు కుప్పెలో వేసి, సమానంగా నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి మెల్లగా వేడి చెయ్యి. ఆమ్లం పోసేటప్పుడే చిటికెడు సోడియం బైకార్బొనేట్ వెయ్యి, వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలిని బయటికి నెట్టి దుప్పటిలా కప్పుతుంది, మధ్యమధ్యలో ఇంకో చిటికెడు. అంతా కరిగి చల్లారాక ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి, డైఫినైలమీన్ సల్ఫోనేట్ సూచికతో పదో వంతు నార్మల్ పొటాషియం డైక్రోమేట్ పెట్టి టైట్రేట్ చెయ్యి. అసలైన మాగ్నటైట్ అయితే 8.6 మి.లీ. దగ్గర ఊదా రంగు తిరగాలి. ఎంత తక్కువ వస్తే అంత ఆక్సీకరణ జరిగినట్టు. పాత గోధుమ పొడి పారేయకుండా దాన్నీ చెయ్యి, ప్రాజెక్టులో పక్కపక్కన పెట్టు, పరీక్షకులు మెచ్చుకుంటారు.

రాళ్లు_రప్పలు:

జియాలజీ వాణ్ణి, కెమిస్ట్రీలో తలదూర్చను గానీ ఒక మాట చెప్పాలనిపించింది. భీమిలి తీరంలో అలలు వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. ఎక్కువ ఇల్మెనైట్, కొంత మాగ్నటైట్, ఎర్రగా మెరిసేవి గార్నెట్. మామూలు అయస్కాంతం పెడితే మాగ్నటైట్ రేణువులు ఎగిరి అతుక్కుంటాయి. తూర్పు కనుమల రాళ్లలోంచి విడివడి, ఏళ్ల తరబడి ఉప్పు నీళ్లలో నానినా అవి నల్లగానే ఉన్నాయి. మరి ఈ అమ్మాయి మాగ్నటైట్ ఒక్క రాత్రిలో ఎందుకు గోధుమ రంగుకి వచ్చింది? సైజు వల్ల. పది నానోమీటర్ల కణం తీసుకోండి, పైన ఒక్క నానోమీటరు పొర ఆక్సీకరణ చెందితే దాదాపు సగం ఘనపరిమాణం పోయినట్టే. ఇసుక రేణువుకి అదే పొర పోయినా లెక్కలోకి రాదు. పక్కనే ఎర్రమట్టి దిబ్బలు చూడండి, అక్కడ ఇసుక రేణువుల చుట్టూ ఫెర్రిక్ ఆక్సైడ్ పూత, అందుకే ఆ ఎరుపు. ఒకే తీరంలో ఒక ఇనుము నల్లగా, ఇంకో ఇనుము ఎర్రగా, తేడా అంతా ఫెర్రస్ ఉందా లేదా అన్నదే.

1975లో బ్లేక్‌మోర్ ప్రచురించిన బ్యాక్టీరియా సంగతి కూడా ఈ అమ్మాయి చదవాలి. ఆ బ్యాక్టీరియా మామూలు బురదలో, మామూలు ఉష్ణోగ్రతలో, ఒంట్లోనే మాగ్నటైట్ స్ఫటికాలు చేసుకుని గొలుసులా పేర్చుకుంటాయి. ఆక్సిజన్ తక్కువున్న చోటు వెతుక్కుని ఉంటాయి, ప్రతి స్ఫటికాన్నీ ఒక పొరలో చుట్టి పెట్టుకుంటాయి. మన ల్యాబ్‌లో ఒలియిక్ ఆమ్లం పూత పూసేది కూడా ఒకరకంగా ఆ పనే.

ల్యాబ్_రాత్రులు:

ఒలియిక్ ఆమ్లం పూత మాత్రం ఈ ప్రాజెక్టుకి వద్దు, అది పూస్తే కణం నీళ్లకి దూరమవుతుంది, మిథిలీన్ బ్లూ ఎలా అంటుకుంటుంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) గురించి కూడా ఒక మాట. రాగి ఎక్స్‌రేతో 35.5 డిగ్రీల దగ్గర పెద్ద పీక్ వస్తుంది, దాన్ని చూసి మాగ్నటైట్ అని రాసేయకు, మాగ్హెమైట్‌దీ దాదాపు అక్కడే. మాగ్నటైట్ యూనిట్ సెల్ 8.396 ఆంగ్‌స్ట్రామ్‌లు, మాగ్హెమైట్‌ది 8.346, కాబట్టి తేడా 57 డిగ్రీల దగ్గరి పీక్‌లో కొంచెం తెలుస్తుంది గానీ నానో కణాలకు పీక్‌లు వెడల్పుగా ఉండి అదీ కలిసిపోతుంది. రాగి ఎక్స్‌రేకి ఇనుము ఫ్లోరోసెన్స్ ఇచ్చి బ్యాక్‌గ్రౌండ్ కూడా పెంచేస్తుంది, అందుకని నెమ్మదిగా స్కాన్ చేయమని అడుగు. వేరే ఫెర్రిక్ పదార్థాలైన హెమటైట్ ఉంటే 33.2 దగ్గర, గోథైట్ ఉంటే 21.2 దగ్గర పీక్‌లు కనిపిస్తాయి, అవి లేవని చూపించడానికి ఎక్స్‌ఆర్‌డీ బాగా పనికొస్తుంది. మాగ్నటైటా మాగ్హెమైటా అన్నదానికి మాత్రం సార్ చెప్పిన బ్యూరెట్‌నే నేను నమ్ముతాను. రామన్ (లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తించే పరీక్ష) చేయిస్తే లేజర్ పవర్ బాగా తగ్గించమని చెప్పు, ఆ వేడికే నమూనా హెమటైట్ అయిపోతుంది, మా ల్యాబ్‌లో అలా ఒక మంచి నమూనా పాడైంది.

సిక్కోలు_కెమిస్ట్రీ:

రెండు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మా ఫెర్రస్ సల్ఫేట్ థయోసయనేట్ వేయగానే ఎర్రబడింది, కాబట్టి మోర్ లవణం వాడాను. ఫెర్రిక్ క్లోరైడ్ 3.24 గ్రాములే తూచాను. ఇనుప ద్రావణాన్ని అమ్మోనియాలో పోసిన క్షణమే నల్లబడింది అక్కా, గోధుమ రంగు అసలు కనిపించలేదు, చూస్తూ అలా నిలబడిపోయాను. అయస్కాంతం పెడితే నిమిషంలోపే మొత్తం అడుగుకి దిగి పై నీళ్లు తేటగా అయ్యాయి.

డెసికేటర్‌లో ఆరబెట్టాక 2.1 గ్రాములు వచ్చింది, నల్ల పొడి. లెక్చరర్ గారూ, మీరు చెప్పినట్టే టైట్రేషన్ మూడుసార్లు చేశాను. కొత్త పొడి 0.2 గ్రాములకు 8.1 మి.లీ., పాత గోధుమ పొడికి 1.2 మి.లీ. పాత దాంట్లో కూడా కొంచెం ఫెర్రస్ మిగిలి ఉందని నేను అనుకోలేదు. సీనియర్ల కాగితంలో "నీళ్లు లేనిదైతే 3.24, ఆరు నీళ్లున్నదైతే 5.4" అని ఎర్ర పెన్నుతో రాసి ల్యాబ్ గోడకి అంటించాను.

సగం పొడిని ఆల్కహాల్‌లో మూత బిగించి ఉంచాను, మిగతా సగం మామూలు సీసాలో గాలికి వదిలాను, వారం వారం టైట్రేట్ చేసి ఎంత త్వరగా మారుతుందో చూద్దామని. ఎక్స్‌ఆర్‌డీ స్లాట్ వచ్చే మంగళవారం.

రిటైర్డ్_లెక్చరర్_ఒంగోలు:

8.6కి 8.1 అంటే 94 శాతం, నైట్రోజన్ లేకుండా! చాలా సంతోషం తల్లీ. గాలికి వదిలిన సీసా అంకెలు ఇక్కడ పెడుతూ ఉండు, ప్రతి వారం చూస్తాను.